డిస్కు ఉంది, ఇన్‌స్టాలర్‌కే కనిపించడం లేదు

తిరుపతి బాలాజీ కాలనీలో హాస్టల్ గది కావచ్చు, చిత్తూరులో పెళ్ళి పత్రికలు వేసే డీటీపీ షాపు కావచ్చు. ఈమధ్య వచ్చిన ల్యాప్‌టాప్‌కి ఫార్మాట్ కొట్టేటప్పుడు చాలామంది ఒకే చోట ఆగిపోతున్నారు. పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ సెటప్ చక్కగా మొదలవుతుంది. భాష అడుగుతుంది, కీ అడుగుతుంది, షరతులకు ఒప్పుకోమంటుంది. తీరా ఏ డిస్కులో ఎక్కించాలో చూపించాల్సిన చోట జాబితా ఖాళీగా ఉంటుంది. డ్రైవ్‌లేవీ దొరకలేదు, స్టోరేజ్ డ్రైవర్ కోసం లోడ్ డ్రైవర్ నొక్కండి అని ఒక ముక్క మాత్రం కనిపిస్తుంది. వెంటనే తెలిసిన మెకానిక్‌కి ఫోన్ వెళ్తుంది: "అన్నా, ఎస్ఎస్‌డీ పోయినట్టుండాది."

పోలేదు. పది నిమిషాల కిందటి దాకా పాత విండోస్ నడిచింది ఆ ఎస్ఎస్‌డీ మీదే. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిశాక మళ్ళీ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించుకునేవాళ్ళు పెరిగారు, దాంతో ఈ ఫోన్లూ పెరిగాయి. డిస్కు బాగానే ఉంది, డిస్కుతో మాట్లాడటం ఇన్‌స్టాలర్‌కి చేతకావడం లేదు, అంతే. ఈ తేడా తెలియక బాగున్న ఎస్ఎస్‌డీని పక్కన పడేసి కొత్తది కొన్నవాళ్ళూ ఉన్నారు. ఆ కొత్తదీ కనిపించదు, అది వేరే విషయం.

తిరుపతి రైల్వే స్టేషన్ బయట కాసేపు నిలబడితే తమిళం, కన్నడం, హిందీ, మరాఠీ అన్నీ చెవిన పడతాయి. కొండకి వెళ్ళే జీపు దగ్గర కేకలేసే మనిషి నాలుగు భాషల్లో బేరం తెంపగలడు. ఐదో భాష వాళ్ళు వస్తే ఇక చేతి సైగలే. ఆపరేటింగ్ సిస్టమ్‌కీ హార్డ్‌వేర్‌కీ మధ్య డ్రైవర్ చేసేది ఈ దుబాసీ పనే. ఐఎస్‌ఓ ఫైల్ (సెటప్ మొత్తం ఒకే ఫైల్‌గా దొరికే మూట) తయారైన రోజుకి ఎన్ని భాషలు నేర్చుకుని ఉందో ఇన్‌స్టాలర్‌కి అన్నే వస్తాయి. ఆ తర్వాత పుట్టిన చిప్పు ఎంత మంచిదైనా దానికి పరాయిదే. ఇన్‌స్టాలేషన్‌లో వచ్చే డ్రైవర్ గొడవలు చాలామటుకు ఈ తేదీల తేడా వల్ల వచ్చేవే.

మరి అన్ని డ్రైవర్లూ ముందే సిద్ధం చేసుకోవాలా? అక్కర్లేదు. సౌండ్ డ్రైవర్ లేకపోతే పాట వినపడదు, అంతకు మించి నష్టం లేదు. గ్రాఫిక్స్ డ్రైవర్ లేకపోతే అక్షరాలు పెద్దగా, వెడల్పుగా కనిపిస్తాయి, కానీ పని ఆగదు. విండోస్ ఎక్కాక అవన్నీ అప్‌డేట్‌లో వాటంతట అవే దిగుతాయి. డిస్కు డ్రైవర్ అలా కాదు. డ్రైవర్ దించుకోవాలంటే ఓఎస్ ఉండాలి, ఓఎస్ ఎక్కాలంటే డ్రైవర్ ఉండాలి. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు. ఇలాంటి చిక్కులో పడేవి మూడే: డిస్కు, ఇన్‌స్టాలర్‌ని చదవడానికీ కీబోర్డు, మౌస్ నడవడానికీ కావలసిన యూఎస్‌బీ, మిగతావి దించుకోవడానికి నెట్. చేత్తో అందించాల్సింది వీటికే.

ఇది కొత్త జబ్బేమీ కాదు. విండోస్ ఎక్స్‌పీ వచ్చిన 2001 నాటికి ఏహెచ్‌సీఐ అనే పద్ధతిలో నడిచే సాటా రకం డిస్కులు లేవు. అవి వచ్చాక, సెటప్ మొదట్లోనే ఎఫ్6 నొక్కి, డ్రైవర్ ఉన్న ఫ్లాపీ పెట్టాల్సి వచ్చేది. అప్పటికే ఫ్లాపీ డ్రైవ్‌లు కనుమరుగవుతున్నాయి. అందుకే చాలా షాపుల్లో బయోస్‌లోకి (ఓఎస్ కంటే ముందు నడిచే బోర్డు సొంత ప్రోగ్రామ్) వెళ్ళి డిస్కుని పాత ఐడీఈ పద్ధతికి మార్చి పని కానిచ్చేవారు. ఎక్కించాక ఎవరైనా తిరిగి ఏహెచ్‌సీఐకి మారిస్తే 7బీ అనే సంఖ్యతో బ్లూ స్క్రీన్. బూట్ కావలసిన డిస్కు అందడం లేదని దానర్థం. ఎఫ్6 ఎవరూ నొక్కని ఈ కాలంలో కూడా ఇంటెల్ తన స్టోరేజ్ డ్రైవర్‌ని ఆ పేరుతోనే పిలుస్తోంది. పెన్‌డ్రైవ్‌లో ఎఫ్6 అన్న ఫోల్డర్ చూసి ఏ కీ నొక్కాలా అని వెతకక్కర్లేదు.

ఇప్పటి చిక్కు పేరు వీఎండీ. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లతో, అంటే 2020 చివర నుంచి, మామూలు ల్యాప్‌టాప్‌లలోకి ఇది బాగా వచ్చింది. ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం ఎస్ఎస్‌డీ నేరుగా ఓఎస్‌కి కనిపించకుండా మధ్యలో ఈ వీఎండీ కంట్రోలర్ కూర్చుంటుంది. ఒకటికి మించి డిస్కులను కలిపి రెయిడ్‌గా వాడేవాళ్ళకు అది పనికొస్తుంది. ఒక్క ఎస్ఎస్‌డీ ఉన్న బీటెక్ విద్యార్థి ల్యాప్‌టాప్‌లో అది చేసే మేలు ఏమిటో చెప్పడం కష్టం. అయినా చాలా కంపెనీలు ఫ్యాక్టరీలోనే దాన్ని ఆన్ చేసి పంపుతున్నాయి. కంపెనీ ఎక్కించిన విండోస్‌లో డ్రైవర్ ముందే ఉంటుంది కాబట్టి అంతవరకూ ఎవరికీ తెలియదు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దించిన ఉత్త ఐఎస్‌ఓతో ఫార్మాట్ కొట్టిన రోజే బయటపడుతుంది.

దీన్ని దాటడానికి రెండు దారులు. మొదటిది డ్రైవర్ అందించడం. ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో మోడల్ నంబర్ కొడితే స్టోరేజ్ కింద ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ, పొట్టిగా ఆర్‌ఎస్‌టీ, దొరుకుతుంది. అందరూ జారేది ఇక్కడే. దిగేది సెటప్ ఆర్‌ఎస్‌టీ అనే ఈఎక్స్ఈ ఫైల్. దాన్ని అలాగే పెన్‌డ్రైవ్‌లో వేస్తే విండోస్ సెటప్‌కి అది డ్రైవర్ కాదు, ఏదో ఒక ఫైల్. సెటప్‌కి కావలసింది ఐఎన్‌ఎఫ్, ఎస్‌వైఎస్, సీఏటీ అని ముగిసే మూడు రకాల ఫైళ్ళు. ఐఎన్‌ఎఫ్‌లో ఈ డ్రైవర్ ఏయే చిప్పులకు పనికొస్తుందో రాసి ఉంటుంది, ఎస్‌వైఎస్ అసలు డ్రైవర్, సీఏటీ దాని మీది డిజిటల్ సంతకం. జిప్ అయితే విప్పాలి. ఈఎక్స్ఈ అయితే ఇంకో కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఫైల్ పేరు పక్కన హైఫన్ పెట్టి ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అని కలిపి రాసి, ఒక ఫోల్డర్ పేరు ఇవ్వాలి. విప్పిన ఫోల్డర్‌ని అదే బూటబుల్ పెన్‌డ్రైవ్‌లో ఒక మూల వేసుకుంటే చాలు, ఇంకో పెన్‌డ్రైవ్ అక్కర్లేదు.

ఆ తర్వాత లోడ్ డ్రైవర్, బ్రౌజ్, ఫోల్డర్ చూపించడం. జాబితాలో వీఎండీ పేరుతో ఒక వరస వస్తే ఎంచుకుని నెక్స్ట్. రాకపోతే కారణం చాలాసార్లు వెర్షన్. కొత్తదే మంచిదనుకుని ఆర్‌ఎస్‌టీ తాజా వెర్షన్ దించితే అందులోంచి పాత తరం ప్రాసెసర్లను తీసేసి ఉండొచ్చు. 11వ తరానికి ఏ వెర్షనో కంపెనీ పేజీయే చెప్తుంది, దాన్ని నమ్మడం మంచిది. సరిపోని డ్రైవర్లను దాచమనే చిన్న టిక్ ఒకటి ఆ తెర మీదే ఉంటుంది. అది తీసేసి, కనిపించిన డ్రైవర్‌ని బలవంతంగా ఎక్కించే అలవాటు ఒకటుంది. ఆ టిక్ ఉన్నది మన మంచికే. ఇలా అందించిన డిస్కు డ్రైవర్‌ని సెటప్ వాడుకుని వదిలేయదు, ఎక్కించే విండోస్‌లోకి కూడా తీసుకెళ్తుంది. అందుకే రీస్టార్ట్ తర్వాత మళ్ళీ అడగదు.

రెండో దారి బయోస్‌లో వీఎండీని ఆపేయడం. అప్పుడు ఎస్ఎస్‌డీ మామూలు ఎన్‌వీఎంఈగా కనిపిస్తుంది, దానికి కావలసిన డ్రైవర్ విండోస్ 8.1 నుంచీ సొంతంగానే ఉంది. కొన్ని ఏసర్ ల్యాప్‌టాప్‌లలో బయోస్ మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే గానీ ఆ వరసే కనిపించదు. డిస్కు ఒక్కటే ఉండి, పాతదంతా తుడిచేసి కొత్తగా ఎక్కించేటప్పుడు ఈ దారే సులువు, ఇందులో తప్పు పట్టాల్సిందీ లేదు. పాత విండోస్‌ని ఉంచుకుని పక్కన లినక్స్ ఎక్కించాలనుకునేవాళ్ళకే ప్రమాదం. ఉబుంటు కోసం వీఎండీ ఆపేస్తారు, ఉబుంటు ఎక్కుతుంది, తర్వాత విండోస్ తెరిస్తే బ్లూ స్క్రీన్. పాత ఎక్స్‌పీ రోజుల 7బీయే, మళ్ళీ అదే. డేటా మొత్తం పోయిందని టెన్షన్ పడి అక్కడే ఫార్మాట్ కొట్టేస్తే అప్పుడు నిజంగానే పోతుంది. బయోస్‌లో వీఎండీ తిరిగి ఆన్ చేస్తే విండోస్ వస్తుంది. బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) ఉన్న ల్యాప్‌టాప్ అయితే బయోస్ ముట్టుకునే ముందే రికవరీ కీ రాసి పెట్టుకోవాలి, లేకపోతే 48 అంకెలు అడిగి కూర్చుంటుంది.

జాబితా పూర్తిగా ఖాళీగా ఉండటం ఒక రకంగా అదృష్టం. సగం కనిపిస్తేనే నష్టం. ఎస్ఎస్‌డీతో పాటు హార్డ్‌డిస్కు కూడా ఉన్న మెషీన్లలో వీఎండీ వెనకున్న ఎస్ఎస్‌డీ కనపడక, ఫొటోలూ ప్రాజెక్టులూ దాచుకున్న హార్డ్‌డిస్కు ఒక్కటే కనిపించవచ్చు. ఉన్నది ఇదే కదా అని పార్టిషన్లన్నీ డిలీట్ చేసేవాళ్ళు ఉంటారు. ఒక్కోసారి బూట్ చేసిన పెన్‌డ్రైవే జాబితాలో కనిపిస్తుంది. సైజు చూసి పోల్చుకోవాలి. 512 జీబీ ఎస్ఎస్‌డీ అక్కడ 476 జీబీ చిల్లరగా, 256 జీబీది 238గా, 32 జీబీ పెన్‌డ్రైవ్ 29కి అటూ ఇటూగా కనిపిస్తాయి. ఆ అంకెలు సరిపోలకపోతే చెయ్యి ఆపాలి.

ఇక డీటీపీ షాపు సంగతి. చిత్తూరులో పెళ్ళి పత్రిక అంటే ఒక వైపు తెలుగు, ఇంకో వైపు తమిళం ఉండటం మామూలే. ఆ పని చేసే చోట అను తెలుగు ఫాంట్లు, పేజీలు పేర్చే పాత పేజ్‌మేకర్, ఏళ్ళ తరబడి దాచిన డిజైన్ ఫైళ్ళు, అవి నడిచే విండోస్ 7 ఇంకా ఉన్నాయి. ఆ ఓఎస్‌కి మద్దతు 2020 జనవరి 14న ఆగిపోయిందంటే ఆపరేటర్ తల ఊపుతాడు, పని చేసుకుంటూ పోతాడు. పాత మదర్‌బోర్డు కాలిపోయిన రోజు ఇబ్బంది మొదలవుతుంది. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దొరికే రిచీ స్ట్రీట్ నుంచి కాస్త కొత్త బోర్డు తెప్పిస్తారు. పెన్‌డ్రైవ్‌తో విండోస్ 7 సెటప్ తెరుచుకుంటుంది, మొదటి తెర వస్తుంది, మౌస్ కదలదు. కీబోర్డు లైటు కూడా ఆరిపోతుంది. కాసేపటి కింద బయోస్‌లో అదే కీబోర్డు బ్రహ్మాండంగా పనిచేసింది.

విండోస్ 7 వచ్చింది 2009లో. అందులో యూఎస్‌బీ 3 డ్రైవర్ లేదు, అది విండోస్ 8తో 2012లో వచ్చింది. అయినా చాలా ఏళ్ళు ఇబ్బంది కలగలేదు. బోర్డుల్లో పాత యూఎస్‌బీ 2 కంట్రోలర్ కూడా పక్కనే ఉండేది, విండోస్ 7 దాన్ని పట్టుకుని నడిచేది. ఇంటెల్ 2015లో తెచ్చిన 100 సిరీస్ చిప్‌సెట్లలో ఆ పాత కంట్రోలర్‌ని తీసేశారు. పోర్టు నల్లగా ఉన్నా నీలంగా ఉన్నా వెనక ఉన్నది కొత్త కంట్రోలరే. అందుకే పోర్టులు మార్చి మార్చి గుచ్చినా ఫలితం ఉండదు. బయోస్ తన సొంత డ్రైవర్‌తో పెన్‌డ్రైవ్‌ని చదివి సెటప్‌ని మొదలుపెడుతుంది, విండోస్ పగ్గాలు అందుకోగానే అదే పెన్‌డ్రైవ్ కనిపించకుండా పోతుంది. అప్పుడు సీడీ, డీవీడీ డ్రైవర్ లేదని సెటప్ అంటుంది. అసలు సీడీయే లేని మెషీన్‌లో ఆ మాట ఎవరినైనా దారి తప్పిస్తుంది.

ఈ గండం దాటడానికి అన్నిటికంటే చవకైన ఉపాయం ఆ బోర్డు వెనకే ఉండొచ్చు. కొన్నిటికి గుండ్రటి పీఎస్/2 రంధ్రం ఇంకా ఉంటుంది. మూలన పడేసిన పాత పిన్ను కీబోర్డు, సాటా డీవీడీ డ్రైవ్ ఉంటే యూఎస్‌బీ జోలికే పోకుండా ఎక్కించేయవచ్చు. తర్వాత బోర్డు సీడీలోని యూఎస్‌బీ డ్రైవర్ వేసుకుంటే మిగతా పోర్టులు లేస్తాయి.

అది కుదరకపోతే ఐఎస్‌ఓ లోపలికే డ్రైవర్‌ని చేర్చాలి. సోర్సెస్ ఫోల్డర్‌లో రెండు ఫైళ్ళుంటాయి: బూట్ విమ్, ఇన్‌స్టాల్ విమ్. మొదటిది సెటప్‌ని నడిపే చిన్న విండోస్, రెండోది డిస్కు మీదికి ఎక్కే అసలు విండోస్. రెండిట్లోనూ డ్రైవర్ ఉండాలి. బూట్ విమ్‌లో వేసి ఇన్‌స్టాల్ విమ్ మరిచిపోతే సెటప్ హాయిగా సాగుతుంది, రీస్టార్ట్ అయ్యాక పేరు, పాస్‌వర్డ్ అడిగే చోట మౌస్, కీబోర్డు మళ్ళీ చచ్చుబడతాయి. ఎన్‌వీఎంఈ డ్రైవర్ విషయంలో ఇదే మరుపు జరిగితే రీస్టార్ట్‌లోనే బ్లూ స్క్రీన్. బూట్ విమ్‌లో మళ్ళీ రెండు ఇమేజ్‌లు ఉంటాయి, సెటప్‌ది రెండోది. మొదటి దానిలో మాత్రమే వేసి ఎందుకు పనిచేయలేదా అని బుర్ర గోక్కోవడం సర్వసాధారణం. ఇన్‌స్టాల్ విమ్‌లో హోమ్ ప్రీమియం, ప్రొఫెషనల్, అల్టిమేట్ దేనికది విడి ఇమేజ్. ఎక్కించబోయే ఎడిషన్ ఒక్కదానికే వేస్తే సగం టైమ్ మిగులుతుంది.

పని చేసేది డిస్మ్ అనే కమాండ్, విండోస్‌లోనే ఉంటుంది. ఇమేజ్‌ని ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి మౌంట్ చేయాలి, యాడ్-డ్రైవర్ అని డ్రైవర్ల ఫోల్డర్ చూపించాలి, కమిట్ అని చెప్పి అన్‌మౌంట్ చేయాలి. కమిట్‌కి బదులు డిస్కార్డ్ కొడితే పడ్డ కష్టమంతా గంగపాలు. మౌంట్ చేసిన ఫోల్డర్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి ఉన్నా అన్‌మౌంట్ సగంలో ఆగుతుంది. ఈ తంతు అయ్యాక ఫైల్ బరువు పెరుగుతుంది, 4 జీబీ దాటితే ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ దాన్ని తీసుకోదు. ఇంకో ముల్లు సంతకం దగ్గర ఉంది. ఈమధ్య డ్రైవర్లకు ఎస్‌హెచ్‌ఏ-2 సంతకం ఉంటుంది, పాత విండోస్ 7 ఐఎస్‌ఓకి ఆ సంతకం గుర్తుపట్టడం రాదు. తగిన అప్‌డేట్ కలపని ఐఎస్‌ఓలో కొత్త డ్రైవర్ వేస్తే సంతకం సరిపోలేదని బూట్ దగ్గరే ఆపేస్తుంది. ఇన్ని ముళ్ళు ఏరుకునే కంటే కొత్త మెషీన్‌లో విండోస్ 11 వేసి, దాని లోపల వర్చువల్ మెషీన్‌లో (సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఉత్తుత్తి కంప్యూటర్) విండోస్ 7ని నడుపుకోవడం నయం. వర్చువల్ మెషీన్ దానికి తెలిసిన పాత హార్డ్‌వేర్‌నే చూపిస్తుంది కాబట్టి డ్రైవర్ పేచీ ఉండదు.

విండోస్ 11కి వస్తే డిస్కు దాటిన తర్వాతి గోడ వైఫై. ఎక్కించడం అయ్యాక నెట్‌కి కనెక్ట్ అవ్వమంటుంది. హోమ్ ఎడిషన్‌లో అది లేకుండా మామూలు దారిలో ముందుకు కదలనివ్వదు. వైఫై చిప్పు కొత్తదైతే నెట్‌వర్క్‌ల జాబితా ఖాళీ, సన్నటి ల్యాప్‌టాప్‌కి ల్యాన్ పోర్టే ఉండదు. ఇక్కడ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోనే మందు. డేటా కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే విండోస్ దాన్ని ల్యాన్ వైరులా చూస్తుంది, దానికి డ్రైవర్ లోపలే ఉంది. ఛార్జింగ్‌కి తప్ప పనికిరాని కేబుల్‌తో మాత్రం ఇది జరగదు. ఫోన్ లేకపోతే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పీఎన్‌పీయుటిల్ అనే కమాండ్‌తో పెన్‌డ్రైవ్‌లోని వైఫై డ్రైవర్‌ని ఎక్కించవచ్చు.

ఇదంతా ఎందుకని, అన్ని డ్రైవర్లూ ఒకే మూటగా ఇచ్చే ప్యాకులు షాపుల పెన్‌డ్రైవ్‌లలో తిరుగుతుంటాయి. పదుల జీబీల సామాను. ఒక్క నొక్కుతో అన్నీ ఎక్కుతాయి, వాటితో పాటు అడగని బ్రౌజరూ యాంటీవైరసూ కూడా దిగుతాయి. అసలు లోపం ఇంకోటి: అవి నడవాలంటే ముందు విండోస్ నడవాలి. డిస్కు దొరకని సెటప్ తెర దగ్గర ఆ మూట ఎందుకూ కొరగాదు. గుర్తు తెలియని పరికరం ఒకటి మిగిలిపోతే డివైస్ మేనేజర్‌లో దాని హార్డ్‌వేర్ ఐడీ చూడటం మంచిది. అందులో వెన్ (వెండర్, అంటే తయారీదారు) పక్కన 8086 ఉంటే ఇంటెల్, 1002 ఉంటే ఏఎండీ. 1978లో వచ్చిన తన ప్రాసెసర్ పేరునే ఇంటెల్ తన గుర్తింపు సంఖ్యగా పెట్టుకుంది. తయారీదారు తెలిస్తే డ్రైవర్ ఎక్కడ దొరుకుతుందో సగం తెలిసినట్టే.

లినక్స్‌లో లెక్క వేరు. డ్రైవర్లు చాలావరకు ఓఎస్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌తోనే వస్తాయి కాబట్టి డ్రైవర్ చేర్చడమంటే తరచూ కొత్త కెర్నల్ ఉన్న ఐఎస్‌ఓ తెచ్చుకోవడమే. ఉబుంటు 24.04 మొదట 6.8 కెర్నల్‌తో వచ్చింది. అదే పేరుతో 2025లో వచ్చిన 24.04.2 ఐఎస్‌ఓలో 6.11 ఉంది. రెండేళ్ళ కిందటి పెన్‌డ్రైవ్‌తో కుస్తీ పట్టే బదులు కొత్త ఐఎస్‌ఓ దించుకుంటే వైఫై దానంతట అదే లేవడం కద్దు. వైఫై చిప్పులకు డ్రైవర్‌తో పాటు, చిప్పు లోపలే నడిచే ఫర్మ్‌వేర్ అనే ఇంకో ఫైలూ కావాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమం ప్రకారం డెబియన్ అనే ఇంకో లినక్స్ దాన్ని చాలాకాలం బయట ఉంచింది, ఇన్‌స్టాలర్ ఫైల్ పేరు చెప్పి పెన్‌డ్రైవ్‌లో తెమ్మనేది. 2022లో సభ్యులు ఓటు వేసి పద్ధతి మార్చారు, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఐఎస్‌ఓలోనే ఉంటోంది. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్నవాటినే నడవనిచ్చే కాపలా) ఆన్‌లో ఉండి ఉబుంటులో బయటి డ్రైవర్లకు టిక్ పెడితే ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది. రీస్టార్ట్‌లో వచ్చే నీలం తెర మీద కీని నమోదు చేయడానికి ఆ పాస్‌వర్డే కావాలి. ఆ తెరని చూసి కంగారుపడి కంటిన్యూ బూట్ కొడితే డ్రైవర్ డిస్కులో ఉన్నా కెర్నల్ దాన్ని లోపలికి రానివ్వదు.

వీటిలో సగం తిప్పలు పాత విండోస్ బతికుండగానే తప్పించుకోవచ్చు. ఫార్మాట్ కొట్టే ముందు అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పీఎన్‌పీయుటిల్‌కి ఎక్స్‌పోర్ట్-డ్రైవర్ అని చెప్పి, ఒక నక్షత్రం గుర్తు, పెన్‌డ్రైవ్‌లో ముందుగా చేసి పెట్టిన ఫోల్డర్ దారి ఇస్తే, కంపెనీ వేసిన డ్రైవర్లన్నీ విప్పిన రూపంలోనే అందులోకి వస్తాయి. వైఫై, టచ్‌ప్యాడ్, మీసేవ కేంద్రంలో అయితే వేలిముద్ర పరికరానికి ఉన్న డ్రైవర్, అన్నీ. వీఎండీ డ్రైవర్ కూడా అక్కడే, విప్పే పని లేకుండా ఉంటుంది. డ్రైవ్‌లేవీ దొరకలేదని సెటప్ అన్నప్పుడు లోడ్ డ్రైవర్ నొక్కి చూపించాల్సిన ఫోల్డర్ అదే.